బ్యాగు పంపినవాళ్లే లాయర్ని పెడతామంటున్నారు

ప్రశ్న: మేడమ్, మాది అనకాపల్లి జిల్లాలో ఒక పల్లె. నాన్న జీడితోటల్లో కూలికి వెళ్తారు. నేను నర్సీపట్నంలో బట్టల షాపులో పనిచేస్తున్నాను. మా తమ్ముడికి ఇరవై ఏళ్లు. ఐటీఐ మధ్యలో మానేసి బైక్ మెకానిక్ దగ్గర చేరాడు. అక్కడ పరిచయమైన ఒకతను రెండు బ్యాగులు విజయవాడలో అప్పగించి వస్తే చెరో ఎనిమిది వేలు ఇస్తానన్నాడట. మావాడూ వాడి స్నేహితుడూ బస్సెక్కారు. హైవే మీద పోలీసులు దించేశారు. రెండు బ్యాగుల్లో కలిపి 24 కేజీల 300 గ్రాముల గంజాయి ఉందని రాశారు. స్నేహితుడు ఏ1, మావాడు ఏ2. ఇప్పుడు ఐదో నెల, విశాఖ సెంట్రల్ జైల్లో ఉన్నాడు. బెయిల్ ఒకసారి కొట్టేశారు. బ్యాగులో ఏముందో తనకు తెలీదంటున్నాడు. బ్యాగులు బస్సు డిక్కీలో పెట్టామంటాడు, కాగితాల్లోనేమో సీటు కింద దొరికాయని ఉంది. మొన్న ఒకాయన ఇంటికొచ్చి, 'లాయరు ఖర్చంతా అన్న చూసుకుంటాడు, మీవాణ్ని ఎవరి పేరూ చెప్పకుండా ఉండమనండి' అని చెప్పి వెళ్లాడు. ఇంకొకరు మూడు లక్షలిస్తే పనైపోతుందంటున్నారు. నేరం ఒప్పేసుకుంటే తక్కువ శిక్షతో బయటపడతాడని ఊళ్లో అంటున్నారు. వాడి పేరెత్తితే నాన్న కంచం ముందు నుంచి లేచిపోతున్నారు. మావాడు నిజంగా తెలియకే వెళ్లాడంటారా? నేనేం చేయాలి?
ఒక అక్క, అనకాపల్లి జిల్లా

సమాధానం: అమ్మా, ముందు ఇంటికొచ్చిన ఆ పెద్దమనిషి సంగతి తేల్చుకుందాం. బరువులూ సెక్షన్లూ బెయిలూ అన్నీ దాని తర్వాతే. ఆ 'అన్న' డబ్బుతో వచ్చే లాయరు మీకు వద్దు. చేతిలో డబ్బు లేనప్పుడు ఖర్చు లేకుండా లాయరు దొరుకుతున్నాడంటే ఎవరికైనా ఆశ పుడుతుంది, అందులో మీ తప్పేమీ లేదు. కానీ ఆ లాయరు కోర్టులో ఎవరి కోసం నిలబడతాడో ఒక్కసారి ఆలోచించండి. వకాల్తా, అంటే లాయర్ని పెట్టుకున్న కాగితం, మీ తమ్ముడి పేరు మీద ఉంటుంది, ఫీజు మాత్రం అన్న ఇస్తాడు. బ్యాగు ఎవరిచ్చారు, టికెట్ ఎవరు తీశారు, అడ్వాన్సు ఏమైనా పడితే ఏ నంబరు నుంచి పడింది, విజయవాడలో ఎవరికి అప్పగించాలి? ఇవి మీ తమ్ముణ్ని కూలికి మోసినవాడిగా చూపించే ప్రశ్నలు. అన్నను కేసులోకి లాగేవీ ఇవే. ఇక ఆ లాయరు నోరెత్తుతాడా?

ఇంకో ముప్పు కూడా ఉంది. సెషన్స్ కోర్టుల్లో ఎన్నో ఏళ్లుగా పనిచేస్తున్నదాన్ని కాబట్టి చెబుతున్నాను. ఇలా పెట్టిన ఫీజు, ష్యూరిటీ ఖర్చు, ములాఖత్‌లకు ఇచ్చిన చార్జీలు అన్నీ లెక్క రాసుకుంటారు. పిల్లాడు బెయిల్ మీద బయటికొచ్చిన రోజు నుంచి అదంతా అప్పు. తీర్చడానికి డబ్బుండదు కాబట్టి 'ఇంకో ట్రిప్పు వేయి, సరిపోతుంది' అంటారు. ఒకసారి శిక్ష పడినవాడు మళ్లీ అదే నేరం చేస్తే మత్తుమందుల కేసులకున్న ఎన్డీపీఎస్ చట్టం 31వ సెక్షన్ కింద శిక్ష ఒకటిన్నర రెట్ల దాకా పెరుగుతుంది. కేసు నడుస్తుండగా రెండో కేసు పడితే మొదటి కేసులో ఇచ్చిన బెయిలూ రద్దు కావచ్చు.

అన్న లాయర్ని వద్దంటే మరి ఎవరు? జైల్లో ఉన్న ఎవరికైనా, ఆదాయం ఎంతన్న లెక్క లేకుండా, ప్రభుత్వ ఖర్చుతో లాయర్ని ఇవ్వాలని 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ చెబుతోంది. జిల్లా కోర్టు ఆవరణలోనే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది. తెల్లకాగితం మీద మీ తమ్ముడి పేరు, కేసు నంబరు, జైలు పేరు రాసి ఇస్తే చాలు. జైలు నుంచి వాడే అర్జీ పెట్టుకోవచ్చు కూడా. 15100కు ఫోన్ చేసినా దారి చెబుతారు. 'ఫ్రీ లాయరు సరిగ్గా వాదించడు' అని మీకు చాలామంది చెబుతారు. కొందరి విషయంలో అది నిజమే, నేను కాదనను. అయితే ఇప్పుడు చాలా జిల్లాల్లో ఉచిత కేసులు మాత్రమే చూసే డిఫెన్స్ కౌన్సెల్ లాయర్లు ఉన్నారు, వాళ్లకు ప్రైవేటు కేసులు ఉండవు. పంపినవాడి డబ్బుతో వచ్చే పెద్ద లాయరుకంటే, మీ తమ్ముడి కాగితాలు ఓపిగ్గా చదివే చిన్న లాయరు ఎంతో నయం. చేతనైతే మీరే ఫీజు మాట్లాడుకుని పెట్టుకోండి. ఎలా పెట్టినా ఏ1కీ ఏ2కీ ఒకే లాయరు వద్దు. రేపు ఆ స్నేహితుడు 'బ్యాగు నాది కాదు, వాడిది' అనవచ్చు, మీవాడూ అదే అనవచ్చు. ఇద్దరి తరఫునా ఒకే మనిషి ఆ మాట ఎలా అంటాడు?

ఈసారి ములాఖత్‌లో తమ్ముణ్ని అడగాల్సింది ఒక్కటే: ఇప్పటికే ఎవరి వకాల్తా మీదైనా సంతకం పెట్టాడా? బెయిల్ పిటిషన్ వేశారంటే ఎవరో ఒకరి దగ్గర ఉండే ఉంటుంది. కొత్త లాయరు రావాలంటే పాత లాయరు 'నో అబ్జెక్షన్' రాసివ్వాలి. ఇవ్వకపోతే కోర్టు అనుమతితో మార్చుకోవచ్చు. అది ముద్దాయి హక్కు, మొహమాటపడే విషయం కాదు. కేసు వివరాలు మాత్రం ములాఖత్ కిటికీ దగ్గరా జైలు ఫోన్లోనూ మాట్లాడకండి.

మూడు లక్షల మాటకు ఎక్కువ జాగా ఇవ్వను. జడ్జికో ప్రభుత్వ లాయరైన పీపీకో ఇస్తామని తీసుకునే డబ్బు ఆ మధ్యవర్తి జేబు దాటదు. ఒకవేళ దాటితే అది మీ మీద ఇంకో కేసు.

ఇప్పుడు నేరం ఒప్పుకోవడం గురించి. ఊళ్లోవాళ్లు మంచికే చెబుతున్నారు, కానీ వాళ్లు చెప్పేది తాగి గొడవ చేసిన కేసులకు, చిన్న దొంగతనాలకు పనికొచ్చే సలహా. గంజాయి కేసులో శిక్షను నిర్ణయించేది బరువు. ఒక కేజీ వరకు చిన్న మొత్తం, ఏడాది లోపు శిక్ష. 20 కేజీలు దాటితే వాణిజ్య పరిమాణం, అంటే కమర్షియల్ క్వాంటిటీ. ఆ రెండింటికీ మధ్యలో ఉంటే పదేళ్ల వరకు వేయొచ్చు, కనీసం ఇంత వేయాలన్న నిబంధన లేదు కాబట్టి జడ్జి ఏడాది వేసినా రెండేళ్లు వేసినా ఆయన విచక్షణ. కమర్షియల్‌లో పదేళ్లు కనీస శిక్ష, ఇరవై వరకు వేయొచ్చు. దాంతోపాటు లక్ష నుంచి రెండు లక్షల జరిమానా. పిల్లాడు ఇరవై ఏళ్లవాడని, మొదటి తప్పని, ఇంటి పరిస్థితి బాలేదని జడ్జికి ఎంత జాలి కలిగినా పదేళ్లకు ఒక్క రోజు తగ్గించడానికి వీల్లేదు. పద్దెనిమిది నిండినవాడికి ఈ నేరంలో ప్రొబేషన్, అంటే జైలు లేకుండా మంచి ప్రవర్తన బాండు మీద వదలడం, లేదని 33వ సెక్షన్, శిక్షలో మినహాయింపులు లేవని 32ఏ సెక్షన్ చెబుతున్నాయి. ప్లీ బార్గెయినింగ్ అని, నేరం ఒప్పుకుని తక్కువ శిక్షకు ఒప్పందం చేసుకునే పద్ధతి ఒకటి ఉంది, అది ఏడేళ్లకు మించని శిక్షలున్న నేరాలకే. అంటే ఛార్జి చదివి వినిపించిన రోజు జడ్జి 'నేరం ఒప్పుకుంటావా' అని అడిగితే మీవాడు తల ఊపాడంటే, ఆ ఊపిన తలకు కనీసం పదేళ్లు. ఈ సంగతి వాడికి తెలియాలి. తెలిసి నిర్ణయం తీసుకుంటే అది వాడిష్టం.

కాబట్టి ఈ కేసులో అసలు గీత ఆ 20 కేజీల దగ్గరుంది. మీరు పంపిన రిమాండ్ రిపోర్టు ఫోటోను పెద్దది చేసుకుని చదివాను. మొదటి బ్యాగు 12 కేజీల 600, రెండోది 11 కేజీల 700. బ్యాగు దేనికది చూస్తే ఏ ఒక్కటీ ఇరవై దాటదు. రెండూ కలిపితేనే 24.300 అవుతుంది. పోలీసులు కలిపారు, కలపడానికి 29వ సెక్షన్, అంటే కుట్ర సెక్షన్ కూడా చేర్చారు. ఇద్దరూ మాట్లాడుకుని కలిసి చేసిన పనే అని రుజువైతే మొత్తం బరువు ఇద్దరి మీదా పడుతుంది. 2005లో సుప్రీంకోర్టు ఒక గుజరాత్ కేసులో అలాగే తీర్పిచ్చింది. పక్కపక్క సీట్లు, ఒకేసారి తీసిన టికెట్లు, ఒకే మనిషి పంపించడం, ఇవన్నీ ప్రాసిక్యూషన్‌కు బలమే. అయినా కుట్ర ఉందని రాసినంత మాత్రాన ఉన్నట్టు కాదు, నిరూపించాలి. మీ లాయరు బెయిల్ దశ నుంచీ పట్టుకోవాల్సిన కొస ఇదే. బ్యాగుల బరువు ప్యాకింగ్ టేపుతో సహా తూచారని కూడా రిపోర్టులో ఉంది. ఆ టేపూ కవర్లూ తీసేస్తే ఇరవై కిందికి వస్తుందని ఎవరైనా ఆశ పెడితే నమ్మకండి, నాలుగు కేజీల టేపు ఎవరూ చుట్టరు. అయితే చట్టం ప్రకారం గంజాయి అంటే మొక్క పూత, కాయ ఉన్న చిగుళ్లు. వాటితో కలిసి లేని విడి ఆకుల్నీ గింజల్నీ గంజాయిగా లెక్కపెట్టకూడదు. ప్యాకెట్లలో ఏముందో వేరు చేసి తూచారా లేదా అనే ప్రశ్నను కొన్ని హైకోర్టులు బెయిల్ దశలో పట్టించుకున్నాయి. ల్యాబ్ రిపోర్టు వచ్చాక లాయరు అది కూడా చూడాలి.

డిక్కీనా సీటు కిందా? మీరు దీన్ని ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు. నేనైతే అక్కడే కూర్చుంటాను. సీటు కింద, కాళ్ల దగ్గర పెట్టుకున్న బ్యాగు నాది కాదనడం చాలా కష్టం. డిక్కీలో అలా కాదు. అక్కడ నలభై మంది సామాను కలిసి ఉంటుంది. ఫలానా బ్యాగు ఫలానా కుర్రాడిదని పోలీసులకు ఎలా తెలిసింది? టోకెన్ ఉందా, జేబులో తాళం దొరికిందా, డ్రైవరో క్లీనరో చూపించారా, లేక 'మేం అడగ్గా వాళ్లే చూపించారు' అని రాసుకున్నారా? గంజాయి తన దగ్గర ఉందని తెలిసి ఉంచుకోవడాన్ని కోర్టులో కాన్షియస్ పొసెషన్ అంటారు. బ్యాగు వాడి అధీనంలో ఉందని ముందు ప్రాసిక్యూషన్ రుజువు చేయాలి. అది చేశాకే 35, 54 సెక్షన్ల కింద 'తెలిసే పెట్టుకున్నాడు' అని కోర్టు అనుకుంటుంది, అప్పుడు కాదని చెప్పుకోవాల్సిన భారం మీవాడి మీదికి వస్తుంది. ఆ మొదటి మెట్టు పడకుండా రెండో మెట్టు ఎక్కడానికి లేదని 2008లో నూర్ ఆగా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అమృత్‌సర్ ఎయిర్‌పోర్టులో పట్టుబడిన ఒక విదేశీయుడి కేసు అది.

అందుకని మీరు వెంటనే చేయగలిగిన పనులు ఇక్కడున్నాయి. ఆ బస్సు నంబరు, ఆ రోజు డ్యూటీలో ఉన్న డ్రైవరు, క్లీనరు ఎవరో తెలుసుకోండి. కానీ మీరు వెళ్లి వాళ్లతో మాట్లాడకండి, సాక్షుల్ని బెదిరించారనే మాట వస్తుంది. వివరాలు లాయరుకివ్వండి. మన దగ్గర ఇలాంటి సోదాలకు మధ్యవర్తులుగా, అంటే చూసి సంతకం పెట్టే సాక్షులుగా, ఎక్కువగా వీఆర్వోలనే పిలుస్తారు. వాళ్లు ఎన్నింటికి బయల్దేరారు, ఎవరు పిలిచారు, తూకం యంత్రం ఎక్కడి నుంచి తెచ్చారు, సీలు ఎవరి దగ్గరుంది, మీవాడి సంతకం ఎక్కడ, ఎన్ని కాగితాల మీద తీసుకున్నారు? క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఇలాంటి చిన్న ప్రశ్నలకే పెద్ద సాక్ష్యాలు తడబడతాయి. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం, బీఎన్ఎస్ఎస్, 105వ సెక్షన్‌లో సోదాను వీడియో తీయాలని చెబుతోంది. వీడియో ఉంటే బ్యాగు డిక్కీలో ఉందో సీటు కింద ఉందో అదే చెబుతుంది. లేకపోతే ఎందుకు లేదని అడగాలి. స్టేషన్ సీసీ కెమెరా ఫుటేజీని, ఫోన్ టవర్ లొకేషన్‌ను భద్రపరచమని కోర్టులో పిటిషన్ వేయమనండి. ఫుటేజీ ఆలస్యమయ్యేకొద్దీ చెరిగిపోతుంది. డ్రగ్స్ కేసులో ముద్దాయికి కూడా కాల్ రికార్డులు తెప్పించుకునే హక్కుందని, ఇన్ఫార్మర్ల నంబర్లు మాత్రం కప్పేసి ఇవ్వొచ్చని 2014లో సుప్రీంకోర్టు తేల్చింది. ఇందులో ఒక చిక్కుంది, ముందే చెబుతున్నాను. ఆ రికార్డులు మీవాడు చెప్పేదానికి ఎదురు తిరగొచ్చు. లాయరు వాడితో విడిగా కూర్చుని, ఉన్నదున్నట్టు విన్నాకే ఆ పిటిషన్ వేయాలి. తమ్ముడి వాట్సాప్ గానీ బ్యాంకు అకౌంటు గానీ మీ ఫోన్లో ఎక్కడైనా తెరిచి ఉంటే ఒక్క మెసేజీ కూడా చెరపకండి. సాక్ష్యం మాయం చేయడం వేరే నేరం.

ఊళ్లో ఇంకో మాట కూడా వినే ఉంటారు: 'గెజిటెడ్ ఆఫీసరు ముందు సోదా చేయలేదు, కేసు ఎగిరిపోతుంది' అని. అది 50వ సెక్షన్. ఒంటి మీద సోదా చేసేటప్పుడు వర్తిస్తుంది, చేతిలో సంచికీ బ్యాగుకీ వర్తించదని సుప్రీంకోర్టు మళ్లీ మళ్లీ చెప్పింది. మేజిస్ట్రేటు ముందు శాంపిల్ తీయాలనే 52ఏ సెక్షన్ కూడా అంతే. పాటించకపోతే ప్రాసిక్యూషన్‌కు దెబ్బే, కానీ ఆ ఒక్క లోపంతో కేసు దానంతటదే కొట్టేయరని 2025 జనవరిలో తీర్పు వచ్చింది. ఫలానా సెక్షన్ తప్పింది కాబట్టి విడుదల ఖాయమని ఫీజు అడిగే లాయరుంటే ఇంకొకర్ని వెతుక్కోండి.

తమ్ముడు పోలీసుల దగ్గర ఏదైనా చెప్పాడేమోనని మీకు భయం ఉంటుంది. పోలీసుల ముందు ఒప్పుకున్నది సాక్ష్యంగా చెల్లదు. ఆ మాటను బట్టి కొత్తగా ఏదైనా వస్తువు దొరికితే దొరికినంత మేరకే తీసుకుంటారు. ఎన్‌సీబీ, డీఆర్ఐ లాంటి కేంద్ర దర్యాప్తు సంస్థల అధికారులకు 67వ సెక్షన్ కింద ఇచ్చిన వాంగ్మూలం కూడా అంతేనని 2020 అక్టోబరులో తూఫాన్ సింగ్ కేసులో తేలింది. మీవాడికి ఇది రక్షణ. అయితే అన్నకూ ఇదే రక్షణ అని గమనించండి. 'నాకు బ్యాగు ఇచ్చింది ఫలానావాడు' అని పట్టుబడిన కుర్రాడు స్టేషన్లో చెప్పినంత మాత్రాన ఆ ఫలానావాడికి శిక్ష పడదు. డబ్బు పంపిన ఆనవాలో, కాల్ రికార్డో, ఇంకో సాక్ష్యమో దొరకాలి. అందుకే అన్నలు నగదు చేతికిస్తారు, వేరేవాళ్ల పేరు మీద తీసిన సిమ్ములు వాడతారు, పల్లెల నుంచి చదువు మానేసిన కుర్రాళ్లను వెతుక్కుంటారు. చింతపల్లి, జి.మాడుగుల, పెదబయలు వైపు నుంచి, ఒడిశా సరిహద్దు అవతలి నుంచి దిగే సరుకంతా మీ తమ్ముడిలాంటి వాళ్ల భుజాల మీదే కదులుతుంది, జైళ్లూ వాళ్లతోనే నిండుతున్నాయి.

మరి పేరు చెప్పాలా వద్దా? ఇది వాడూ వాడి సొంత లాయరూ కూర్చుని తీసుకోవాల్సిన నిర్ణయం. అప్రూవర్‌గా, అంటే ప్రాసిక్యూషన్ తరఫు సాక్షిగా, మారితే కోర్టు క్షమాభిక్ష ఇచ్చే వీలు చట్టంలో ఉంది. కానీ దానికి తెలిసిందంతా దాచకుండా చెప్పాలి, ఆ తర్వాత మాట మార్చకూడదు, ఊళ్లో మీకు ఏమవుతుందో కూడా చూసుకోవాలి. సాక్షుల రక్షణకు 2018 నుంచి ఒక పథకం ఉంది, దరఖాస్తు పెడితే జిల్లా స్థాయిలో జడ్జి ఆధ్వర్యంలో పరిశీలిస్తారు. కాగితం మీద ఉన్నంత బలంగా అది పల్లెల్లో పనిచేస్తుందని మాత్రం నేను హామీ ఇవ్వలేను. మీ ఇంటికొచ్చినాయనతో మీరు గొడవ పెట్టుకోవద్దు, అవుననీ కాదనీ చెప్పొద్దు. 'మా లాయరుతో మాట్లాడండి' అనండి. వచ్చిన తేదీ, టైమూ, బండి నంబరూ రాసి పెట్టుకోండి. బెదిరిస్తే ఆ కాగితంతోనే ఫిర్యాదు ఇవ్వాలి.

తెలియకే వెళ్లాడా అని అడిగారు. మీరు నొచ్చుకోకుండా వినండి. రెండు బ్యాగులు విజయవాడలో దింపి వస్తే చెరో ఎనిమిది వేలు ఎవరూ ఊరికే ఇవ్వరని ఇరవై ఏళ్లవాడికి తెలుసు, నర్సీపట్నం చుట్టుపక్కల పెరిగినవాడికి మరీ బాగా తెలుసు. పైగా ఎంత టేపు చుట్టినా పచ్చి గంజాయి వాసన ఆగదు. ఏదో తేడా సరుకని వాడికి తెలిసే ఉంటుందని నా అనుమానం. ఎంత బరువు, దొరికితే ఎన్నేళ్లు అన్నది మాత్రం తెలిసి ఉండదు. పదేళ్లని తెలిసి ఎనిమిది వేలకు వెళ్లే కుర్రాణ్ని నేనింకా చూడలేదు. నా అనుమానానికీ మీ నమ్మకానికీ కోర్టులో విలువ లేదనుకోండి. రుజువు చేయగలిగారా లేదా అన్నదే అక్కడ ప్రశ్న, ఆ రుజువును పరీక్షకు పెట్టించుకోవడం తెలిసి చేసినవాడికి కూడా ఉన్న హక్కు. మీరు మాత్రం వాడికి కథ అల్లి ఇవ్వకండి. 'ఇలా చెప్పు, అలా చెప్పు' అని ములాఖత్‌లో నేర్పితే, సాక్ష్యమంతా అయ్యాక జడ్జి నేరుగా అడిగినప్పుడు వాడి నోట రెండు రకాల మాటలొస్తాయి.

బెయిల్ ఒకసారి కొట్టేశారని కుంగిపోకండి. కమర్షియల్ అని రాసిన కేసుల్లో 37వ సెక్షన్ వల్ల మొదటి బెయిల్ దాదాపు అందరికీ పోతుంది. ముద్దాయి తప్పు చేయలేదని నమ్మడానికి కారణాలున్నాయని, బయటికొస్తే మళ్లీ చేయడని జడ్జికి అనిపించాలని ఆ సెక్షన్ అడుగుతుంది. అంత తొందరగా ఎవరికి అనిపిస్తుంది? అయితే ఐదో నెల అన్నారు కాబట్టి ఒక తేదీ ఉంది, అది దాటిపోకూడదు. ఈ కేసుల్లో ఛార్జిషీటు వేయడానికి పోలీసులకు 180 రోజులు గడువు. రిమాండ్‌కు పంపిన రోజును కూడా కలిపి లెక్కపెట్టాలని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. క్యాలెండర్ తీసుకుని ఆ రోజు నుంచి వేళ్లతో లెక్కపెట్టండి. గడువు దాటినా ఛార్జిషీటు పడకపోతే, పీపీ రిపోర్టుతో కోర్టు గడువు పొడిగించకపోతే, 181వ రోజు కోర్టు తలుపు తీయగానే డిఫాల్ట్ బెయిల్ పిటిషన్ వేయాలి. దానికి 37వ సెక్షన్ అడ్డు రాదు. పిటిషన్ వేశాక అదే రోజు మధ్యాహ్నం ఛార్జిషీటు తెచ్చిపెట్టినా హక్కు పోదని 2020లో చెన్నై డీఆర్ఐ కేసులో తీర్పుంది. కానీ మీరు పిటిషన్ వేయకముందే ఛార్జిషీటు పడితే ఆ హక్కు పోతుంది. ఒక్క పూట తేడాలో పోగొట్టుకున్నవాళ్లున్నారు. ఛార్జిషీటు ఇప్పటికే పడి ఉంటే దాని కాపీలన్నీ ముద్దాయికి ఉచితంగా ఇవ్వాలి, జైల్లో తీసుకున్నాడేమో అడగండి.

అదీ కుదరకపోతే హైకోర్టు. అక్కడ ఆ రెండు బ్యాగుల బరువు వాదన మొదటి మాటగా రావాలి. విచారణ ఏళ్ల తరబడి సాగితే అది కూడా బెయిల్‌కు కారణమే. ఢిల్లీ గంజాయి కేసులో ఇరవై మూడేళ్ల వయసులో అరెస్టయి, విచారణ పూర్తికాకుండానే ఏడేళ్లకు పైగా జైల్లో ఉన్న కుర్రాడికి 2023 మార్చిలో సుప్రీంకోర్టు బెయిలిచ్చింది. 37వ సెక్షన్ ఉంది కదా అని మనిషిని అంతకాలం లోపల ఉంచలేమంది. మంచి తీర్పే. ఏడేళ్ల తర్వాత వచ్చిందన్నది కూడా గుర్తుంచుకోవాలి.

ఆ స్నేహితుడి వయసు మీరు రాయలేదు. వాళ్లమ్మతో మీకు మాటలుంటే పదో తరగతి సర్టిఫికెట్‌లో పుట్టిన తేదీ ఒకసారి చూడమనండి. పట్టుబడిన రోజుకు పద్దెనిమిది నిండకపోతే వాడి కేసు బాల నేరస్థుల బోర్డుకు వెళ్లాలి, ఆధార్‌లో ఏమున్నా స్కూలు సర్టిఫికెట్‌కే ముందు విలువ. ఈ సంగతి ఎప్పుడు బయటపడినా కోర్టు వినాలి. మీ తమ్ముడిదీ ఒకసారి చూసుకోండి. పల్లెల్లో వయసు ఒకటుంటే కాగితంలో ఇంకొకటి ఉండటం మామూలే.

ఇక నాన్నగారు. ఆయన్ని ములాఖత్‌కు రమ్మని బతిమాలకండి, 'మీ కొడుకే కదా' అని నిలదీయకండి. కోపం వాడి మీద, అవమానం ఊరి మీద, రెండూ కలిసి ఆయన్ని కంచం ముందు కూర్చోనివ్వడం లేదు. ప్రస్తుతానికి నెలకోసారి మీరే వెళ్లండి. బట్టలు, సబ్బులు, కొంచెం డబ్బు జైలు అకౌంటులో వేయండి. చదువు మధ్యలో ఆపేసినవాడు కాబట్టి, లోపలి నుంచి ఓపెన్ స్కూలో ఓపెన్ డిగ్రీయో కట్టే వీలుందేమో జైలు వెల్ఫేర్ ఆఫీసర్ని అడగండి. చాలా సెంట్రల్ జైళ్లలో ఆ ఏర్పాటుంది. ఐదు నెలలుగా ఖాళీగా కూర్చున్న కుర్రాడి పక్కన ఎవరు కూర్చుంటారో, ఏం చెబుతారో నాకు తెలుసు.

అయితే ఒక పనికి మాత్రం నాన్నగారు కావాల్సి వస్తుంది. బెయిల్ వచ్చిన రోజు ఇద్దరు జామీనుదారులు కావాలంటారు. బెయిలొచ్చినా ష్యూరిటీలు దొరక్క వారాల తరబడి లోపలే ఉన్నవాళ్లు ఎందరో. సరిగ్గా అప్పుడే 'నేను పెడతాను' అంటూ అన్న మనుషులు ముందుకొస్తారు. కాబట్టి ముందే చూసుకోండి. ఇంటి పన్ను రసీదు ఎవరి పేరు మీద ఉంది, ఏ సంవత్సరం దాకా కట్టారు, సెంటో కుంటో భూమి ఉంటే పట్టాదారు పాసుపుస్తకంలో పేరు సరిగ్గా ఉందా? రెండో ష్యూరిటీకి మేనమామో బాబాయో ఎవరున్నారో ఇప్పుడే మెల్లగా కదపండి. నాన్నగారితో కేసు సంగతి ఎత్తొద్దు. ఇంటి పన్ను బాకీ ఉందేమో పంచాయతీలో కనుక్కోమని పంపించండి, అంతే.